నత్త చేతి బండి

మా నాన్నని షోరూమ్‌లో అందరూ నత్త అనేవాళ్లు. చాటుగా కాదు, మొహం మీదే. ఆయన కూడా సొంతపేరు కంటే దానికే తొందరగా పలికేవాడు. కన్నుమూసి తెరిచేలోగా మాయమైపోయే బండ్లని, నిద్రపోతున్న పసిపిల్లని ఒక గదిలోంచి ఇంకో గదిలోకి మోసుకెళ్లినట్టు నడపడం ఆయన ఉద్యోగం. షోరూమ్ నుంచి వర్క్‌షాపుకి, అక్కణ్నుంచి మళ్లీ షోరూమ్‌కి, అమ్ముడుపోతే కొన్నవాళ్ల ఇంటికి. అంతకు మించి ఆ బండ్లతో ఆయన ఎక్కడికీ వెళ్లలేదు. ఆ పనిలోనే జుట్టు నెరిసింది. అన్నేళ్లూ ఒక్క బండికీ ఆయన చేతిలో గీత పడలేదు.

మాది పాత స్పోర్ట్స్ కార్లు కొని అమ్మే షోరూమ్. మాది అనడం అలవాటు కొద్దీ, అంతే. అందులో నాన్న డ్రైవరు, నేను ముందు బల్ల దగ్గర కూర్చుని ఫోటోలు తీసి ప్రకటనలు రాసే మనిషిని. నన్ను పిల్లనత్త అనేవాళ్లు. వీధి వైపు నిలువెత్తు అద్దం, లోపల తెల్లటి పలకల నేల, ప్రతి బండి కిందా నూనె చుక్క పడకుండా ఒక పళ్లెం, పైన నూలు ముసుగు. దారిన పోయేవాళ్లు ఆ అద్దానికి ముక్కులు ఆనించి చూసేవాళ్లు. ఆ మరకలు తుడవడం పొద్దున్నే నా మొదటి పని.

యజమానిని పెద్దసార్ అనేవాళ్లం. మనిషి బక్కపలచన, మాట ఖచ్చితం. కొనడానికి వచ్చినవాళ్లకి ఆయన ముందుగా ఒకటే పాఠం చెప్పేవారు. “కొత్తబండి కొన్నవాడు గేటు దాటేలోపే నష్టపోయాడు. రెండోవాడు తెలివైనవాడు. మూడోవాడికి తెలివి లేకపోయినా ఫరవాలేదు గానీ, భయం ఉండాలి.” ఆ రెండోవాళ్లూ మూడోవాళ్లే మా బేరాలు. వాళ్లు వచ్చి మొదట చూసేది ఇంజను కాదు, మీటరు. ఎంత తక్కువ తిరిగితే అంత ధర. కొంతమంది ఆ భయంతో, కొన్న బండికి ముసుగు కూడా తీయకుండా ఏళ్ల తరబడి ఇంట్లో ఉంచుకుని, చివరికి తెచ్చి మాకే అమ్మేవాళ్లు. పరుగెత్తడానికి పుట్టినదానికి పరుగెత్తకపోవడమే విలువట! నాకు ఈ లెక్క చూస్తే ఎప్పుడూ ఒళ్లు మండేది. “ఏనుగు బతికినా వెయ్యే, చచ్చినా వెయ్యే అంటారు కదా సార్” అని ఒకసారి అంటే పెద్దసార్ నవ్వలేదు.

“ఏనుగు సంగతి నాకు తెలీదమ్మాయ్. ఈ బండ్లు మాత్రం గోరంత గీత పడితే సగం చచ్చినట్టే” అన్నారు.

ఆ గోరంత గీత పడకుండా ఉండడానికి నాన్న పడే తిప్పలు చూస్తే నవ్వూ వచ్చేది, జాలీ వేసేది. పనికి బయల్దేరేముందు చేతి గడియారం తీసేసేవాడు. ఉంగరం తీసి వంటగది అలమరలో గిన్నెలో పడేసేవాడు. బెల్టు పెట్టుకునేవాడు కాదు, దాని బకిల్ సీటు తోలుకి గీరుకుంటుందని. చొక్కా గుండీలు బయటికి కనిపించకుండా వాటి మీద అమ్మ ఒక పట్టీ కుట్టింది. “పెళ్లయిన ఆనవాలు కూడా లేకుండా పనికి పోయే మొగుడు నాకు దొరికాడు” అని అమ్మ నలుగురిలో అంటే, నాన్న తల దించుకుని ముసిముసిగా నవ్వేవాడు.

దారిలో స్పీడ్ బ్రేకర్ వస్తే ఇంకో తతంగం. ఆ బండ్ల ముందుభాగం నేలకి బెత్తెడు ఎత్తులో ఉంటుంది. నేరుగా ఎక్కిస్తే బంపరు అంచు, అదే ముందు పెదవి, కొట్టుకుంటుంది, కింద పొట్ట రాసుకుంటుంది. అందుకని బండి పూర్తిగా ఆపి, ఎదురుగా వచ్చేవాళ్లందర్నీ పోనిచ్చి, ఐమూలగా తిప్పి, ఒక్కో చక్రాన్నీ ఎక్కించి ఒక్కో చక్రాన్నీ దించాలి. ఈలోగా వెనక హారన్ల మోత. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని పక్కనుంచి పోతూ తిట్టేవాళ్లు తిట్టేవాళ్లే. నాన్నకి అవేవీ వినపడేవి కావు.

పెద్దసార్ పక్కన కూర్చుంటే మాత్రం స్పీడ్ బ్రేకర్ కనపడగానే “మెల్లగా” అనేవారు. నాన్న “సరే సార్” అనేవాడు. ఆయన అనకపోయినా నాన్న మెల్లగానే పోతాడు, ఆ సంగతి ఆయనకీ తెలుసు. అయినా అనేవారు. వాళ్లిద్దరి మధ్య అన్నేళ్లలో నడిచిన మాటలన్నీ దాదాపు ఆ రెండే.

మా షోరూమ్‌లో ఒక పద్ధతి ఉండేది. బేరం కుదిరి సంతకాలు పెట్టేముందు, పెద్దసార్ కొనేవాళ్లతో “ఇప్పుడు మా నత్తని అడగండి” అనేవారు. నాన్న వచ్చి చేతులు కట్టుకుని నిలబడేవాడు. “తగిలిందా?” అని వాళ్లు అడగాలి. “తగల్లేదు సార్” అని నాన్న చెప్పాలి. అంతే. పాత యజమాని చేతిలో ఎక్కడైనా తగిలుంటే, నాన్న నోటితో చెప్పకుండా వెళ్లి ఆ చోట వేలు పెట్టి చూపించేవాడు, దానికి తగ్గట్టు ధర తగ్గేది. ఆ రెండు ముక్కల మాట కోసమే వేరే ఊళ్ల నుంచి కూడా కొనడానికి వచ్చేవాళ్లు. ‘నత్త చేతి బండి’ అంటే నాలుగు మాటలు ఎక్కువ బేరమాడకుండా కొనేవాళ్లు. నాన్నకి పొలం లేదు, సొంతిల్లు లేదు. ఆయన సంపాదించుకున్న ఆస్తి ఆ మాట ఒక్కటే.

ఒకసారి మా దగ్గరికి పసుపుపచ్చ బండి ఒకటి వచ్చింది. కొన్నవాడు దాన్ని వీధి చివరిదాకా కూడా తిప్పినట్టు లేదు. పెద్దసార్‌కి అది ఎంత నచ్చిందంటే, రోజూ వచ్చి దాని ముసుగు ఎత్తి చూసి మళ్లీ కప్పేవారు. పసుపు రంగు బండి తొందరగా అమ్ముడుపోదు, తెలుపో నలుపో అయితే కళ్లు మూసుకుని కొంటారు. అందుకని అది చాలాకాలం ఉండిపోయింది. చివరికి దానికి తగ్గ మనిషి రానే వచ్చింది. ఆవిడ పళ్ల డాక్టరమ్మ. నడివయసు, ఒంటరి మనిషి. చిన్నప్పటినుంచీ అలాంటి బండి కొనాలని కోరికట. ఊరికే కొనే రకం కాదు. ఆరు నెలలుగా అలాంటి బండి ఎక్కడెక్కడ ఎంతకి పోయిందో అన్నీ కంఠతా పట్టింది. వచ్చినప్పుడల్లా తన పొడుగుపిడి అద్దం తెచ్చి, నోట్లో పెట్టి చూసినట్టు బండి కిందకి పెట్టి చూసేది. “పుచ్చు ఉందామ్మా?” అని పెద్దసార్ అడిగితే “ఇంకా నోరు పూర్తిగా తెరవలేదండీ” అనేది. ఆ ఇద్దరూ ఒకరికొకరు నచ్చారు. “వచ్చేవారం నడిపి చూడు, నచ్చితే తీసుకో. నన్ను నమ్మినా నమ్మకపోయినా మా నత్తని మాత్రం అడుగు” అన్నారాయన.

ఆవిడ నడిపి చూస్తానన్న రోజు పొద్దున్నే నాన్న పసుపు బండికి బ్యాటరీ తగిలించి, పెట్రోలు పోయించి గుమ్మం ముందు పెట్టాడు. మిగతా బండ్లలో పెట్రోలు చుక్కే ఉంటుంది, బ్యాటరీ తీగలు విప్పేసి ఉంటాయి. నిలవ ఉండే బండిని అలాగే ఉంచాలి. ఆ రోజు పెద్దసార్ సొంత కారు వాళ్లబ్బాయి చిన్నసార్ తీసుకుని పొరుగూరు వెళ్లారు.

పెద్దసార్ నా బల్ల ముందు నిలబడి ఏదో చెబుతూ, మధ్యలో ఆపి కుర్చీ పట్టుకున్నారు. మొహం బూడిద రంగులోకి వచ్చింది. ఎడమచెయ్యి పట్టుకుని “అమ్మాయ్, నీళ్లు” అన్నారు. నీళ్లు తాగలేకపోయారు. అంబులెన్సుకి ఫోన్ చేస్తే పైవంతెన కింద ట్రాఫిక్‌లో ఇరుక్కుపోయింది, వచ్చేస్తుంది అన్నారు. మళ్లీ చేస్తే అదే మాట. నిండా బండ్లున్న షోరూమ్‌లో మనిషిని ఆసుపత్రికి తీసుకెళ్లడానికి బండి లేదు. నాన్నే ముందుగా కదిలాడు. “పసుపుదాన్లో ఎక్కించండి” అన్నాడు.

ఆ సీట్లో ఆరోగ్యంగా ఉన్నవాడే వంగి మెలికలు తిరిగి కూర్చోవాలి. పనిమీద వచ్చి ఉన్న వర్క్‌షాపు వాళ్లిద్దరు ఆయన్ని పసివాణ్ని దించినట్టు దించారు. అందులో రెండే సీట్లు, ఇంకెవరూ ఎక్కడానికి లేదు. నాన్న బూట్లు విప్పకుండా ఎక్కాడు. అది నేనెప్పుడూ చూడలేదు. బండి వీధి మలుపు తిరిగేదాకా అద్దంలోంచి చూస్తూ నిలబడ్డాను. ఇంజను ఒక్కసారి గర్జించింది. నాన్న చేతిలో ఏ బండీ అలా అరవడం నేను వినలేదు. ఫరవాలేదు, బతికేస్తారు అనుకున్నాను.

మధ్యాహ్నం డాక్టరమ్మ వచ్చింది. సార్‌కి ఒంట్లో బాగాలేదు, ఇంకోరోజు రండి అని చెప్పాను. ఆవిడ వెళ్లిన కాసేపటికి ఫోన్ వచ్చింది. ఆసుపత్రి లోపలికి తీసుకెళ్లిన కొద్దిసేపటికే పెద్దసార్ పోయారు.

నేను వెళ్లేసరికి పసుపు బండి ఆసుపత్రి ర్యాంపు దగ్గర ఉంది. నాన్న దాన్ని నేరుగా ర్యాంపు ఎక్కించేశాడు. ముందు పెదవి పగిలి సగం ఊడింది, కింద పొట్ట పొడుగునా గీరుకుపోయింది. నాన్న అక్కడే గోడవార చతికిలబడి ఉన్నాడు. “తగిలిందే” అన్నాడు నన్ను చూసి. నేను ఆయన పక్కన కూర్చుని ఏడ్చాను. ఆయన ఏడవలేదు.

ఆ తరవాత నాన్న మారిపోయాడు. మామూలుగానే తక్కువ మాట్లాడే మనిషి, ఇప్పుడు అదీ లేదు. విచిత్రం ఏమిటంటే, తన సొంత స్కూటరు మీద స్పీడ్ బ్రేకర్లని నేరుగా, వేగం తగ్గించకుండా ఎక్కించేవాడు. వెనక కూర్చున్న అమ్మ ఎగిరెగిరి పడేది. “ఏమయ్యా, నా నడుం విరగ్గొట్టి ఇంకో పెళ్లి చేసుకుందామనా?” అని ఒకసారి గట్టిగానే అడిగింది. నాన్న నవ్వలేదు. పెద్దసార్ పోయిన దిగులు అనుకున్నాం మేమిద్దరం.

చిన్నసార్ చెడ్డమనిషి కాదు. తండ్రి పోయి, షోరూమ్ భారం ఒక్కసారిగా నెత్తిన పడింది. పసుపు బండికి కొత్త పెదవి, కింద కొత్త రేకులు తెప్పించి వర్క్‌షాపులో వేయించారు. కొనేవాళ్లు పెయింటు మందం చూసే చిన్న పరికరం ఒకటి తెస్తారు. మామూలు తలుపు రేకు మీద రంగు మళ్లీ వేస్తే అది పట్టేస్తుంది. ఈ బండి పెదవి రేకు కాదు, ప్లాస్టిక్కు కాబట్టి దాని మీద ఆ పరికరం పనిచేయదు. ఇక కనిపెట్టే దారి లేదు. నేను రాసిన ప్రకటన చివర చిన్నసార్ తనే ‘ఎక్కడా దెబ్బ తగల్లేదు’ అని ఒక వాక్యం చేర్చారు.

తరవాత నాన్నని లోపలికి పిలిచారు. నేను గుమ్మం దగ్గరే ఉన్నాను.

“డాక్టరమ్మ ఎల్లుండి వస్తోంది. నిన్ను అడుగుతుంది కదా.”

“అడుగుతుంది సార్.”

“ఎప్పుడూ చెప్పేదే చెప్పు. నా ఒక్కడి కోసం కాదు, నీ మంచికి కూడా. ఇన్నేళ్ల పేరు ఒక్కరోజులో పోగొట్టుకుంటావా? నువ్వేమన్నా కావాలని చేశావా? మా నాన్న కోసమే కదా చేసింది. గుండెకి పెద్ద దెబ్బ అది, ఎవరు తీసుకెళ్లినా బతికేవారు కాదని డాక్టరే చెప్పాడు నాకు.”

నాన్న సరే సార్ అని కూడా అనలేదు.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర అమ్మతో “ఎల్లుండి ఆవిడొచ్చి అడుగుతుంది. ఏం చెప్పను?” అన్నాడు.

“ఎప్పుడూ ఏం చెప్పావో అదే చెప్పు” అంది అమ్మ, గరిటె తిప్పుతూ. “నీకేమన్నా కొత్తా?”

ఎప్పుడూ చెప్పేది అంటే అమ్మ ఉద్దేశంలో నిజం. చిన్నసార్ ఉద్దేశంలో తగల్లేదు అనడం. ఇన్నేళ్లూ ఆ రెండూ ఒకటే అవుతూ వచ్చాయి. నా సంగతి చెప్పాలంటే, ఆయన అబద్ధం చెప్పాలనే కోరుకున్నాను. మనిషి ప్రాణం కోసం పరుగెత్తిస్తే తగిలిన దెబ్బ అది. దానికి ఆయన పేరెందుకు పోవాలి? నత్త కూడా గుద్దేశాడట అని వర్క్‌షాపుల్లో చెప్పుకుని నవ్వుతుంటే ఆయన ఎలా తల ఎత్తుకుంటాడు? ఆ ఒక్క అబద్ధానికి ఆయనకి హక్కు ఉందనిపించింది నాకు.

డాక్టరమ్మ వచ్చింది. పెద్దసార్ కుర్చీ వైపు చూసి, కాసేపు నిలబడిపోయింది. తరవాత బండి చుట్టూ తిరిగింది. పరికరం పెట్టి చూసింది, తన అద్దం కిందకి పెట్టి చూసింది. నడిపి వచ్చింది. దిగేటప్పుడు ఆవిడ మొహం చిన్నపిల్లలా వెలిగిపోతోంది. ధర విషయంలో ఎక్కువ పట్టుబట్టలేదు. చిన్నసార్ కాగితాలు బల్ల మీద పరిచి, పెన్ను మూత తీసి ఇచ్చారు.

“ఒక్క నిమిషం” అంది ఆవిడ. “మీ నాన్నగారు ఈయన్ని అడగమన్నారు.”

నాన్న వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. గడియారం లేదు, ఉంగరం లేదు, గుండీల మీద అమ్మ కుట్టిన పట్టీ. ఎప్పటిలాగే ఉన్నాడు.

“తగిలిందా అండీ?”

“తగిలిందమ్మా.”

చిన్నసార్ నా వైపు చూశారు, నేనేదో నేర్పినట్టు. నాన్న వెళ్లి బండి ముందు మోకాళ్ల మీద కూర్చుని, కొత్త పెదవి మీద వేలు పెట్టాడు. “ఇది కొత్తది. కింద రేకులు కూడా కొత్తవే. ఆసుపత్రి ర్యాంపుకి కొట్టాను. పెద్దసార్‌ని ఇందులోనే తీసుకెళ్లాను.”

డాక్టరమ్మ చేతిలోని పెన్ను బల్ల మీద పెట్టేసింది.

“నీకేం పోయేకాలం?” అన్నారు చిన్నసార్. “నిన్ను కాపాడదామని చూస్తే…”

“నేను కాపాడుకోవాల్సింది ఇది కాదు సార్” అన్నాడు నాన్న. అలాగే కింద కూర్చుని, బండి వైపు చూస్తూ చెప్పాడు. “దెబ్బ ఇక్కడొక్కచోటే ఉంది. ఇంకా ముందే తగలాల్సింది. ఆసుపత్రి రోడ్డు మీద స్పీడ్ బ్రేకర్లున్నాయి కదా, వరసగా. మొదటిదాని దగ్గర ఆపేశాను. ఎదురుగా వచ్చేవాళ్లని పోనిచ్చి, ఐమూలగా తిప్పి ఎక్కించాను. రెండోదీ అంతే. మూడోదీ అంతే. పక్కన మనిషి పోతుంటే, బండి పొట్ట చూసుకున్నాను. సార్ నా చొక్కా చెయ్యి పట్టుకుని ఉన్నారు. మూడోది దించాక ఆ పట్టు జారిపోయింది. అప్పుడొచ్చింది నాకు బుద్ధి. ర్యాంపుకి తగిలిన దెబ్బ, అప్పటికి ఎందుకూ పనికిరాని దెబ్బ.”

స్కూటరు మీద అమ్మ ఎందుకు ఎగిరెగిరి పడిందో నాకు అప్పుడు అర్థమైంది. ఇన్నాళ్లూ ఆయన పేరు పోతుందని నేను బాధపడ్డాను. ఆయనకి ఆ పేరే పీక మీద కత్తిలా ఉందని తెలియలేదు.

చిన్నసార్ కోపం ఎటుపోయిందో పోయింది. ఆయన వచ్చి నాన్న పక్కన, ఆ తెల్లటి నేల మీద, మడత నలగని ప్యాంటుతోనే గొంతుక్కూర్చున్నారు.

“మా నాన్న ఏమన్నా అన్నారా? దారిలో?”

నాన్న ఆ మాట ఎవరికీ చెప్పకూడదని పెట్టుకున్నట్టు పెదాలు బిగించాడు.

“మొదటి స్పీడ్ బ్రేకర్ కనపడగానే కళ్లు తెరిచారు సార్” అన్నాడు చివరికి. “‘మెల్లగా’ అన్నారు. నేను ‘సరే సార్’ అన్నాను.”

చిన్నసార్ లేచి, తలుపు తెరిచి, తండ్రి కూర్చున్న సీట్లో కూర్చున్నారు. చాలాసేపు దిగలేదు. డాక్టరమ్మ తన అద్దాన్ని గుడ్డలో చుట్టి సంచిలో పెట్టుకుంది. ఆ రోజు ధర మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.